గడ్డిలో మాటు వేసి బంతి విసరడం: ‘లెజెండ్స్: ఆర్కియస్’లో పోకెమాన్‌లను పట్టే పద్ధతి

పోకెమాన్‌లనే ఊహా ప్రాణులను బంతుల్లో బంధించి పట్టుకునే పోకెమాన్ వీడియో ఆటల్లో చాలాకాలం పాటు దాదాపు ఒకే క్రమం నడిచింది. గడ్డిలో ఎదురుపడిన ప్రాణితో ముందుగా పోరాడాలి, దాని బలం తగ్గించాలి, ఆ తర్వాతే బంతి విసరాలి. గేమ్ ఫ్రీక్ సంస్థ రూపొందించగా 2022 జనవరి 28న నింటెండో స్విచ్‌లో విడుదలైన ‘పోకెమాన్ లెజెండ్స్: ఆర్కియస్’ ఈ క్రమాన్ని తిరగేసింది. ఇందులో ప్రాణులు మన కళ్లెదుటే తిరుగుతుంటాయి, మేస్తుంటాయి, నిద్రపోతుంటాయి. వాటిలో చాలావాటిని ఒక్క దెబ్బ కూడా వేయకుండా, పోరాటం మొదలుపెట్టకుండా, నేరుగా బంతి విసిరి పట్టుకోవచ్చు. అయితే పాత ఆటల అలవాటుతో ఎదురెళ్లి పోరాడేవారికి ఈ ఆట కష్టంగా తోస్తుంది. బంతులు ఎన్ని ఉన్నాయన్న దానికంటే, బంతి తగిలే క్షణంలో ఆ ప్రాణి మనల్ని చూసిందా లేదా అన్నదే ఇక్కడ ఎక్కువ సందర్భాల్లో ఫలితాన్ని నిర్ణయిస్తుంది.

కథ జరిగేది హిసుయి ప్రాంతంలో. ఇది పాత ఆటల్లోని సిన్నో ప్రాంతానికి పూర్వరూపం, దానికి నమూనా జపాన్‌లోని హొక్కైడో ద్వీపం. మొత్తం నేల ఒకే ముక్కగా ఉండదు. అబ్సిడియన్ ఫీల్డ్‌లాండ్స్, క్రిమ్సన్ మైర్‌లాండ్స్, కోబాల్ట్ కోస్ట్‌లాండ్స్, కొరొనెట్ హైలాండ్స్, అలబాస్టర్ ఐస్‌లాండ్స్ అనే ఐదు విశాలమైన బయళ్లు ఉంటాయి, జూబిలైఫ్ గ్రామం నుంచి వాటికి వెళ్లి వస్తుండాలి. ఈ ఆట తెలుగులో లేదు కనుక, తెరపై కనిపించే పేర్లను వెతుక్కోవడానికి వీలుగా వాటి ఉచ్చారణనే తెలుగు లిపిలో ఇస్తున్నాను.

మీటల గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. జెడ్‌ఎల్ నొక్కి పట్టుకుంటే గురి చూడవచ్చు, జెడ్‌ఆర్ వదిలితే చేతిలోని వస్తువు వెళుతుంది, ఎక్స్ నొక్కితే వస్తువులకూ మన పోకెమాన్‌లకూ మధ్య మారవచ్చు, వై నొక్కితే పక్కకు దొర్లి దాడిని తప్పించుకోవచ్చు. బి నొక్కితే వంగి నడవవచ్చు. కొత్తవారు అతి తక్కువగా వాడేది, నిజానికి అతి ఎక్కువగా వాడవలసినది ఈ బి మీటే.

మొదటి మూడు పాఠాలు

కథలో మనం పనిచేసేది పోకెమాన్‌లను పరిశోధించే సర్వే దళంలో. అందులో చేరడానికి పెట్టే పరీక్షలో బిడూఫ్, స్టార్లీ, షింక్స్ అనే మూడింటిని ఒక్కొక్కటి చొప్పున పట్టి తేవాలి. ఇది ఏదో లాంఛనమని తొందరగా ముగించి ముందుకు పోయేవారు చాలామంది ఉంటారు కానీ, తర్వాత వచ్చే రెండు వందలకు పైగా జాతుల స్వభావం ఈ మూడింటిలోనే ఇమిడి ఉంది. బిడూఫ్‌కు బెదురు లేదు. మనిషి కనబడితే పారిపోకుండా, దాడి చేయకుండా, ఏమిటా అన్నట్టు దగ్గరకు వస్తుంది, కాబట్టి నిలబడి విసిరినా సరిపోతుంది. స్టార్లీ అలికిడి కాగానే రెక్కలు విప్పి మాయమవుతుంది. షింక్స్ పసిగట్టిన వెంటనే మీదికి వస్తుంది. అంటే ప్రతి కొత్త ప్రాణి విషయంలోనూ మొదట తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఇది దగ్గరకు వచ్చేదా, పారిపోయేదా, కరిచేదా?

ఈ ప్రశ్నకు జవాబు తెలియడానికి ప్రతి జాతిలోనూ ఒకదాన్ని వదులుకోవడానికి సిద్ధపడాలి. ఆ జాతి ప్రాణి ఒంటరిగా ఉన్నచోట, గడ్డి చాటు నుంచి లేచి కనబడి, అదేం చేస్తుందో చూడటం మంచిది. అది పారిపోతే పోయిందేమీ లేదు, కాసేపట్లో అదే చోట మరొకటి కనిపిస్తుంది. నేను మొదట్లో ఈ ఓపిక లేక, హార్స్‌షూ ప్లెయిన్స్‌లో పోనీటాల మందను చూడగానే పరుగెత్తుకుంటూ వెళ్లి వరుసగా బంతులు విసిరాను. మంద చెదిరిపోయింది, బంతులు నేల పాలయ్యాయి, చేతికి ఒక్కటీ చిక్కలేదు. అదే చోట ఎప్పుడో ఒకసారి కనబడే ఈవీ కూడా ఇలాంటి బెదురుగొడ్డే కనుక, దాన్ని వెతుక్కుంటూ వెళ్లేవారు మైదానంలోకి అడుగుపెట్టకముందే వంగి నడవడం మొదలుపెట్టడం మేలు.

మాటు వేయడం

ఎత్తైన గడ్డిలో వంగి ఉన్నంతసేపు మనం దాదాపు కనబడనట్టే. గడ్డి లేనిచోట వంగినా అడుగుల చప్పుడు తగ్గుతుంది కానీ, ప్రాణి చూపు మన వైపు తిరిగితే కనబడిపోతాం. కాబట్టి దూరం నుంచే దారి ఆలోచించుకోవాలి. ఏ గడ్డి గుబురు నుంచి ఏ గుబురుకు చేరాలి, మధ్యలోని ఖాళీ నేలను అది ఎటు తిరిగి ఉన్నప్పుడు దాటాలి అన్నది ముందే లెక్క వేసుకుని, అది ముఖం తిప్పుకున్నప్పుడు కదిలి, మన వైపు తిరిగేలోపు మళ్లీ గడ్డిలో కూర్చోవాలి. తన దారిన తాను నడుస్తూ ఉండే ప్రాణి అయితే వెంటపడకుండా, అది రాబోయే దారిలో ముందుగానే కూర్చుని, అది మనల్ని దాటి వెళ్లాక వెనక నుంచి విసరడం సులభం. చెరువు గట్టున కొంగ నిలబడే తీరు గుర్తున్నవారికి దీన్ని వేరుగా వివరించనక్కరలేదు.

వెనక నుంచి, మనల్ని గమనించని ప్రాణికి బంతి తగిలితే తెరపై ‘బ్యాక్ స్ట్రైక్’ అన్న మాట వస్తుంది. ఈ దెబ్బతో దొరికే అవకాశం స్పష్టంగా పెరుగుతుంది, మామూలు బంతితో దొరకని ప్రాణులు సైతం ఇలా చిక్కుతాయి. అందుకే ఎదురుగా చిక్కిన సులువైన గురికంటే, ఇంకో పది క్షణాలు ఆగి వెనక్కు చేరి వేసే గురే ఎక్కువ విలువైనది. నిద్రపోతున్న ప్రాణి కనబడితే అంతకంటే మంచి అదను ఉండదు. కాకపోతే అక్కడ కూడా పరుగెత్తుకుంటూ వెళితే లేచి కూర్చుంటుంది.

చాటు ఇచ్చే గడ్డి ఎక్కడా లేకపోతే పొగ బాంబు ఆ లోటు తీరుస్తుంది. మన కాళ్ల దగ్గరే విసురుకుని ఆ పొగలో వంగి కూర్చుంటే, గడ్డిలో కూర్చున్నంత ఫలితం ఉంటుంది. క్రిమ్సన్ మైర్‌లాండ్స్‌లోని బురద నేలల్లోనూ, అలబాస్టర్ ఐస్‌లాండ్స్‌లోని మంచు బయళ్లలోనూ గడ్డి సరిగా దొరకని చోట్లు చాలా ఉంటాయి కాబట్టి, అక్కడికి వెళ్లే ముందు సంచిలో కనీసం ఐదారు పొగ బాంబులు వేసుకోవడం నా అలవాటు. దాడి చేయబోతున్న ప్రాణి దృష్టి నుంచి తప్పించుకోవడానికి కూడా అవే పనికొస్తాయి.

ఏ బంతి ఎప్పుడు

బంతుల్లో మూడు వంశాలున్నాయి. పోకే బాల్, గ్రేట్ బాల్, అల్ట్రా బాల్ అనేవి మామూలు వంశం. విసిరితే విల్లులా వంగి పడతాయి, ఒకదానికంటే ఒకటి గట్టిగా పట్టుకుంటుంది. హెవీ బాల్, లెడెన్ బాల్, గిగాటన్ బాల్ బరువైనవి. ఎంత బలంగా విసిరినా కొద్ది దూరంలోనే పడిపోతాయి కానీ, మనల్ని గమనించని ప్రాణికి తగిలితే వాటి పట్టు మామూలు బంతులకంటే ఎంతో గట్టిది. ఫెదర్ బాల్, వింగ్ బాల్, జెట్ బాల్ తేలికవి. గీత గీసినట్టు తిన్నగా, దూరంగా, వేగంగా పోతాయి. గాలిలో ఎగురుతున్న వాటికీ, దగ్గరకు చేరనివ్వని వాటికీ వీటిని వాడాలి.

చాలామంది అల్ట్రా బాల్‌లు కూడబెట్టుకుని అన్నిటికీ వాటినే వాడతారు. నా మటుకు అది వృథా ఖర్చు. మాటు వేయడం చేతనైన ఆటగాడికి ఆట సగం దాటేవరకు హెవీ బాల్‌లే ప్రధాన ఆయుధం కావాలి, ఎందుకంటే వాటి బలహీనత దూరంలో మాత్రమే ఉంది, వెనక నుంచి అతి దగ్గరగా చేరినవాడికి దూరంతో పని లేదు. పైగా తయారు చేసుకోవడం చాలా చవక. ఒక ఆప్రికార్న్ కాయ, ఒక టంబుల్‌స్టోన్ రాయి కలిపితే పోకే బాల్ వస్తుంది. అదే కాయకు నల్ల టంబుల్‌స్టోన్ చేరిస్తే హెవీ బాల్, ఆకాశ నీలి రంగులో ఉండే స్కై టంబుల్‌స్టోన్ చేరిస్తే ఫెదర్ బాల్ అవుతాయి. గ్రేట్ బాల్‌కు ఇనుప ముక్క కూడా కావాలి. కాయల కోసం చెట్టు దగ్గర, రాళ్ల కోసం గుట్ట దగ్గర మన పోకెమాన్‌ను విసిరితే అదే కొట్టి తెస్తుంది. ఆట మొదట్లో ప్రతి ప్రయాణంలోనూ ఎదురైన ప్రతి కాయనూ రాయినీ ఏరుకోవడం విసుగు పుట్టించినా, తర్వాత బంతుల కొరత అన్న మాటే రాదు. సంచి త్వరగా నిండిపోతుందన్నది నిజమే. గ్రామంలో బాగిన్ అనే వ్యక్తికి డబ్బు చెల్లిస్తే ఒక్కొక్క అరా పెంచుతాడు, మొదట వందతో మొదలయ్యే ధర ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. మొదటి కొన్ని అరాలు మాత్రం కళ్లు మూసుకుని కొనవచ్చు.

తేలిక బంతుల విషయంలో ఒక మెళకువ ఉంది. ఎగిరే ప్రాణి అడ్డంగా పోతుంటే దాని మీద కాకుండా, అది చేరబోయే చోట గురి పెట్టాలి. స్టార్లీ లాంటివి నేల మీద గింజలు ఏరుకుంటున్నప్పుడు పది అడుగుల దూరం నుంచి ఫెదర్ బాల్‌తో పట్టడం, దగ్గరకు పాకివెళ్లి హెవీ బాల్ వేయడంకంటే తేలిక. చూడగానే మాయమైపోయే అబ్రా విషయంలోనూ నేను ఇదే పద్ధతి పాటిస్తాను, ఎందుకంటే దాని దగ్గరకు చేరే ప్రతి అడుగూ దొరికిపోయే ప్రమాదాన్ని పెంచుతుంది.

ఎర వేయడం

పళ్లు, ధాన్యం, పుట్టగొడుగులు, తేనె, ఉప్పు, వాటితో చేసిన కేకులు, ఇవన్నీ ఎరలే. ఎర వేయడంలో కొత్తవారు చేసే పొరపాటు దాన్ని ప్రాణి ముఖం మీదికే విసరడం. అలా చేస్తే అది ఉలిక్కిపడి ఎరను కాకుండా మనల్నే చూస్తుంది. దానికి కొంచెం పక్కగా, వీలైతే మనకు అవతలి వైపున పడేట్టు వేస్తే, తినడానికి అటు తిరుగుతుంది, దాంతో వీపు మన వైపుకు వస్తుంది. తింటున్నంతసేపు అది దొరికే అవకాశమూ ఎక్కువే. ఏ జాతికి ఏది ఇష్టమో ఆ జాతి గురించి సమాచారం పోగయ్యేకొద్దీ పోకెడెక్స్‌లో, అంటే జాతుల వివరాలు నమోదయ్యే పుస్తకంలో, కనిపిస్తుంది కనుక, ఇష్టమైన దాన్నే వేయాలి.

మట్టి ముద్దలు, జిగురు ముద్దలు వేరే పనికి. వీటిని ప్రాణి మీదే వేయాలి. సరిగా తగిలితే అది కాసేపు దిమ్మతిరిగి నిలబడిపోతుంది, ఆ లోపు బంతి వేయవచ్చు. దాడికి దిగిన ప్రాణి విషయంలో ఇవి ప్రాణాలు కాపాడతాయి.

పోరాటం తప్పనప్పుడు

కోపంగా ఉన్న ప్రాణి మనల్ని చూశాక బంతితో గురి పెడితే, దాని మీద ఎర్రని అడ్డుగీతల గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తు ఉండగా ఎంత మంచి బంతి వేసినా ఎగిరి పక్కన పడుతుంది. అప్పుడు రెండే దారులు. పొగ వేసి, దూరంగా పోయి, అది మనల్ని మరిచిపోయేదాకా ఆగి మళ్లీ మాటు వేయడం ఒకటి. మన పోకెమాన్ ఉన్న బంతిని దాని మీదికి విసిరి పోరాటం మొదలుపెట్టడం రెండోది.

పోరాటంలో ఒక్కసారి బంతి వేస్తే మన వంతు అయిపోతుంది, కాబట్టి తొలి వంతులోనే విసరడంలో అర్థం లేదు. ఎదుటి ప్రాణికి సరిపడని రకం దాడులు, అంటే దాని మీద అంతగా ప్రభావం చూపనివి ఎంచుకుని, ప్రాణశక్తి చార ఎరుపులోకి దిగేదాకా మెల్లగా తగ్గించాలి. పూర్తిగా పడిపోతే అది మన చేతికి రాదు. పక్షవాతం కలిగించే దాడులు బాగా ఉపయోగపడతాయి. పాత ఆటల్లో నిద్రపుచ్చే దాడులు ఇక్కడ ప్రాణిని పూర్తిగా నిద్రపుచ్చకుండా మత్తులోకి మాత్రమే దింపుతాయి, అంటే అది ఒక్కోసారి దాడి చేయగలుగుతుంది కూడా. అయినా పట్టడానికి ఆ మత్తు సాయమే చేస్తుంది.

మరో సంగతి గుర్తుంచుకోవాలి. చుట్టూ ఉన్న అదే మందలోని ప్రాణులు కూడా పోరాటంలో కలిసిపోతాయి. అందుకని పోరాటం మొదలుపెట్టే ముందు చుట్టూ ఒక చూపు చూడటం అవసరం. పోరాటం జరగని సమయంలో కూడా అవి మనిషి మీదే నేరుగా దాడి చేస్తాయి. దెబ్బలు ఎక్కువై ఆటగాడు కుప్పకూలితే సంచిలోని కొన్ని వస్తువులు అక్కడే పడిపోతాయి. వాటిని ఇంటర్నెట్ ద్వారా వేరే ఆటగాడెవరైనా ఏరి తిరిగి పంపితేనే మనకు చేరతాయి. ఆ సాయం చేసినవారికి మెరిట్ పాయింట్లు వస్తాయి కనుక, మ్యాప్ మీద పోగొట్టుకున్న సంచి గుర్తు కనబడితే వెళ్లి తీసుకురావడం మీకూ లాభమే.

ఆల్ఫాలు

కళ్లు ఎర్రగా మెరుస్తూ, తన జాతివాటికంటే ఎంతో పెద్దగా ఉండేవి ఆల్ఫాలు. ఆట మొదలైన కొద్దిసేపటికే హార్స్‌షూ ప్లెయిన్స్‌లో 40వ స్థాయి రాపిడాష్ ఒకటి ఎదురవుతుంది. ఆ సమయంలో మన దగ్గరున్నవన్నీ కలిసినా దాని ముందు నిలబడలేవు. దాన్ని దూరం నుంచి చూసి వదిలేయడం వివేకం. కొంత అనుభవం వచ్చాక మాత్రం ఆల్ఫాలను పట్టే సూత్రమూ పైన చెప్పినదే. పోరాడి గెలవలేనంత బలమైన ఆల్ఫాను కూడా వెనక నుంచి, దానికి తెలియకుండా, లెడెన్ బాల్‌తోనో గిగాటన్ బాల్‌తోనో కొట్టి పట్టుకోవచ్చు. మొదటి బంతిలోంచి బయటపడితే పొగ వేసి తప్పుకుని, అది చల్లబడ్డాక మళ్లీ ప్రయత్నించాలి. ఇలాంటి ప్రయత్నానికి ముందు ఆటను సేవ్ చేసుకోవడం మరవకూడదు.

పట్టుకున్నంత మాత్రాన అది మన మాట వింటుందని లేదు. సర్వే దళంలో మన నక్షత్రాల హోదా ఎంతో, అంత స్థాయి వరకే పోకెమాన్‌లు విధేయంగా ఉంటాయి. హోదా తక్కువగా ఉన్నప్పుడు పట్టిన భారీ ఆల్ఫా పోరాటంలో ఆజ్ఞను పెడచెవిన పెట్టి ఊరుకోవచ్చు.

వేళ, చోటు, అరుదైన సందర్భాలు

డ్రిఫ్లూన్ లాంటివి రాత్రి పూటే బయటికి వస్తాయి. శిబిరంలోని గుడారంలో విశ్రాంతి తీసుకుంటూ ఏ పూటకు లేవాలో ఎంచుకునే వీలుంది కనుక, రాత్రి కోసం కాచుకుని కూర్చోవలసిన పని లేదు. ఉన్నట్టుండి కదిలే చెట్లు, వణికే రాతిగుట్టలు కనబడితే వాటిలో ఏదో ప్రాణి దాగి ఉందని అర్థం. మన పోకెమాన్‌ను విసిరి కొట్టిస్తే అది బయటపడుతుంది, కానీ బయటపడ్డది మనల్ని చూస్తూనే దిగుతుంది కాబట్టి మంచి బంతి సిద్ధంగా ఉండాలి. నీటిలోని వాటికి, నీటి మీద మనల్ని మోసుకెళ్లే బాస్కులెజియన్ అనే పోకెమాన్ చిక్కాక పని సులువవుతుంది. దాని వీపు మీద ఉండగానే బంతులు విసరవచ్చు.

ఆకాశంలో గుమ్మటంలాంటి ఆకారం ఏర్పడితే అది స్పేస్-టైమ్ డిస్టార్షన్. పోరిగాన్, మాగ్నమైట్ వంటివి ఇలాంటి చోటనే దొరుకుతాయి. లోపల వచ్చేవన్నీ దూకుడుగా, గుంపులుగా మీద పడతాయి కనుక, మాటు ఇక్కడ పనికిరాదు. బలమైన పోకెమాన్‌ను ముందుంచుకుని, పోరాడుతూ, మధ్యలో రాలే అరుదైన వస్తువులను ఏరుకుంటూ గడపాలి.

రంగు మారిన షైనీలు మామూలుగా 4096లో ఒకటి చొప్పున పుడతాయి. దగ్గర్లో ఒకటి ఉంటే మెరుపుతో పాటు ప్రత్యేకమైన చప్పుడు వినబడుతుంది, కాబట్టి ఆట శబ్దం ఆపేసి ఆడేవారికి అవి తెలియకుండానే తప్పిపోతాయి. ఒకే జాతి ఒకేచోట గుంపుగా పుట్టే మాస్ అవుట్‌బ్రేక్‌లో ఈ అవకాశం బాగా మెరుగవుతుంది. గ్రామం ద్వారం దగ్గర మ్యాప్ తెరిచినప్పుడు ఆ గుర్తు కనబడితే మిగతా పనులు వాయిదా వేసి వెళ్లడం సమంజసం. 2022 ఫిబ్రవరిలో ఉచితంగా వచ్చిన డేబ్రేక్ అప్‌డేట్ ఇలాంటి గుంపులు ఒకే బయలులో అనేకం ఒకేసారి పుట్టే వీలు కల్పించింది.

పట్టాక

హిసుయి పోకెడెక్స్‌లో 242 నమోదులున్నాయి. ఒక్కో జాతిని ఒక్కసారి పట్టడంతో దాని పేజీ పూర్తికాదు. ఎన్ని పట్టారు, కనబడకుండా ఎన్ని పట్టారు, గాలిలో ఉండగా ఎన్ని పట్టారు, ఫలానా దాడిని ఎన్నిసార్లు చూశారు అనే పనులు చేస్తూ పరిశోధన స్థాయిని 10కి చేర్చాలి. ప్రయాణం ముగించి, పోకెడెక్స్ తయారుచేస్తున్న ప్రొఫెసర్ లావెంటన్‌కు చూపిన ప్రతిసారీ ఈ పనులకు డబ్బు ముడుతుంది. పేజీలో ఎర్ర బాణం గుర్తున్న పనులకు పాయింట్లు ఎక్కువ కనుక, ఏదైనా బయలుకు బయలుదేరే ముందు అక్కడి జాతుల పేజీలు ఒకసారి తిరగేసి, ఆ గుర్తున్న పనులనే ముందు చేసుకుంటే సమయం బాగా కలిసివస్తుంది. అన్ని పేజీలనూ 10వ స్థాయికి తెస్తే, షైనీలు ఎదురయ్యే అవకాశాన్ని పెంచే షైనీ చార్మ్ లభిస్తుంది.

చివరి ప్రాణి ఆర్కియస్‌ను ఎదుర్కోవాలంటే మిగతా జాతులన్నీ కనీసం ఒక్కొక్కటి చేతిలో ఉండాలి. వాటిలో స్పిరిటూంబ్ కోసం హిసుయి అంతటా చెల్లాచెదురుగా ఉన్న 107 విస్ప్ వెలుగులను వెతకాలి కనుక, అవి రాత్రి పూట దూరం నుంచి తేలికగా కనబడతాయని ముందే తెలుసుకుని మొదటి నుంచీ ఏరుకుంటూ పోవడం నయం. డార్క్‌రాయ్ దొరకాలంటే అదే స్విచ్‌లో ‘బ్రిలియంట్ డైమండ్’ లేదా ‘షైనింగ్ పర్ల్’ ఆడిన సేవ్, షేమిన్‌కు ‘స్వోర్డ్’ లేదా ‘షీల్డ్’ ఆడిన సేవ్ ఉండాలి. ఆ ఆటలు లేనివారు దిగులు పడనక్కరలేదు, ఆర్కియస్ కోసం లెక్కించే జాబితాలో ఈ రెండూ లేవు.